మూడు రబ్బర్ల మీద ఇంజన్

నా షెడ్డుకి వచ్చే పాత జీపుల వాళ్లెవరూ ఇంజన్ ఫౌండేషన్లు, అంటే ఇంజన్‌ని మోసే రబ్బర్లు, పోయాయని చెప్పి రారు. అద్దంలో వెనకాల ఏముందో కనబడటం లేదంటారు. గేరు రాడ్డు మీద చెయ్యి పెడితే తిమ్మిరెక్కుతోందంటారు. సైలెన్సర్ పైపుకి వెల్డింగు పెట్టించిన చోటే మళ్లీ విరుగుతోందని తిట్టుకుంటారు. క్లచ్ వదుల్తుంటే బండి దడదడలాడుతోందని ఒకాయన క్లచ్ ప్లేటు కొనుక్కునే వచ్చాడు. అన్నీ విని, బానెట్ ఎత్తి, ఆపి ఉన్న ఇంజన్‌ని రెండు చేతుల్తో పట్టి పక్కకి ఊపుతాను. కాస్త కదిలి తిరిగి తన చోటికి వస్తే సరే. కదిలిన చోటే ఉండిపోయినా, అసలు కదలకపోయినా కింద దూరి చూడాల్సిందే.

మాది నర్సీపట్నం. ఇక్కణ్ణుంచి ఘాటీ ఎక్కితే లంబసింగి, ఆ తర్వాత చింతపల్లి, అదీ దాటితే గూడెం కొత్తవీధి, సీలేరు. బస్సు పోని ఊళ్లకి సంతరోజున మనుషుల్ని, పసుపు మూటల్ని, కోళ్లగంపల్ని మోసేవి పాత మహీంద్రా జీపులే. కంచరపాలెం ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చదివి వచ్చిన దగ్గర్నుంచి నా బతుకంతా వాటి కిందే. కొత్త బండ్లు వచ్చాయి, కంప్యూటర్ పెట్టి చూసేవాళ్లూ వచ్చారు. ఈ జీపులకి మాత్రం చెయ్యీ చెవీ చాలు.

ఇప్పుడు చెప్పబోయేది చింతపల్లి అవతలి నుంచి వచ్చిన ఒక ఎంఎం 540 సంగతి. 1980ల్లో ఈ మోడల్‌కి ప్యూజో డీజిల్ ఇంజన్ పెట్టేవారు, 2112 సీసీ. ఆ ఇంజన్లో డీజిల్ ముందు హెడ్డులో ఉన్న చిన్న గదిలో మండి, అక్కణ్ణుంచి పిస్టన్ మీదికి వస్తుంది. అందుకే చప్పుడు కాస్త నెమ్మది. ఈ జీపులో అది ఏనాడో తీసేసి 2523 సీసీ డీఐ ఇంజన్ దింపారు. మా దగ్గర చాలా జీపుల కథ ఇదే. డీఐ ఇంజన్‌కి లాగుడు బాగుంటుంది, డీజిల్ తక్కువ తాగుతుంది, సామాన్లు ఎక్కడైనా దొరుకుతాయి. కాకపోతే అందులో డీజిల్ నేరుగా పిస్టన్ నెత్తిన మండుతుంది. ప్రెషర్ ఒక్కసారిగా లేస్తుంది. ఆ టకటకంతా ఛాసిస్‌కి ఎక్కకుండా ఆపాల్సింది మూడే మూడు రబ్బర్లు, ముందు రెండు, గేర్‌బాక్స్ కింద ఒకటి.

"స్లోలో పెడితే పళ్లు కూడా అదురుతున్నాయండి మేస్త్రిగారూ. రేజ్ ఇస్తే తగ్గుతుంది" అన్నాడు బండి ఓనరు. డ్రైవరూ అతనే. ఆ రెండో మాటతోనే సగం సంగతి తెలిసిపోయింది.

తెలిసినా నేరుగా రబ్బర్ల మీద పడను. అదురుకి కారణాలు చాలా. నాలుగు సిలిండర్లలో ఒకటి సరిగ్గా కొట్టకపోయినా స్లోలో బండి ఇలాగే కుదుపుతుంది. అందుకని ఇంజన్ తిరుగుతుండగా నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే కొంచెం వదులు చేసి చూశాను. చేతికి గుడ్డ చుట్టుకుని, మొహం దూరంగా పెట్టి చెయ్యాల్సిన పని ఇది. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. నట్టు వదులు చేసినప్పుడు ఇంజన్ కుంటితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. కుంటకపోతే దాని రోగం అదే. ఈ బండిలో నాలుగూ కుంటాయి. ఫ్యాన్ రెక్కలు చూశాను, విరిగినవీ వంగినవీ లేవు. తర్వాత తుని రోడ్డు మీద చదునైన చోట స్పీడు ఎక్కించి, క్లచ్ తొక్కి, ఇంజన్‌ని స్లోకి వదిలేశాను. అదురు బండి స్పీడుతో పాటు కొనసాగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులో, చక్రాల్లో ఉన్నట్టు. ఇంజన్‌తో పాటు మారితే ఇంజన్ దగ్గరే ఉన్నట్టు. ఇక్కడ ఇంజన్‌తోనే మారింది. ఈ పరీక్ష ఘాటీ దిగుతూ ఎవరూ చెయ్యకూడదు.

ఇక షెడ్డులో పరీక్ష. కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, హ్యాండ్ బ్రేకూ కాలి బ్రేకూ రెండూ పట్టించి, పై గేరులో క్లచ్ నెమ్మదిగా వదలమన్నాను. నేను బండికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడ్డాను. క్లచ్ పట్టుకోగానే ఇంజన్ ఎడమ వైపు రెండు వేళ్ల మందం పైకి లేచింది. మళ్లీ తొక్కగానే ధబ్బుమని కూర్చుంది. ఆ చప్పుడు విని ఓనరు ఒకడుగు వెనక్కి వేశాడు. బండి వాడుతున్నన్నాళ్లూ ఆ చప్పుడు కింద రాళ్లు తగలడం వల్లనే అనుకున్నాడట.

ఎడమే ఎందుకంటే, ముందు నుంచి చూస్తే క్రాంక్ గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. దాన్ని తిప్పుతున్న బ్లాకు ఎదురు దిక్కుకి ఒరగాలని చూస్తుంది. డ్రైవర్ వైపు రబ్బరు నొక్కుకుంటుంది, ఎడమ రబ్బరు సాగుతుంది. నొక్కుడుని రబ్బరు ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. లాగుడుకి మాత్రం ఇనుప రేకుకి అంటుకున్న చోట ఊడొస్తుంది. పైగా ఈ మూడు రబ్బర్ల మీద పడేది ఇంజన్ టార్క్ ఒక్కటే కాదు. ఇంజన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు కలిపి బోల్టులు బిగించిన ఒకే ముద్ద అది. ఫస్ట్ గేరులో మూడు నాలుగు రెట్లు, లో గేరు వేస్తే దాని మీద మళ్లీ రెండు, రెండున్నర రెట్లు పెరిగి ప్రొపెల్లర్ షాఫ్టుల్లోకి పోయే టార్క్ ఎంతో, దాని ఎదురుదెబ్బ అంతా రబ్బర్లే మొయ్యాలి. రోడ్డు మీద తిరిగే కారు రబ్బర్లు పదేళ్లు ఆగితే, బురదలో లో గేరు వేసి ఎక్కే జీపు రబ్బర్లు అంతకాలం ఆగవు మరి.

ఈ ఎడమ రబ్బరు ఎంత పని చెయ్యగలదో చెప్పే కథ అమెరికాలో ఒకటి ఉంది. 1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ 67 లక్షలకు దగ్గరగా షెవర్లే బండ్లని వెనక్కి పిలిచింది. ఫౌండేషన్ రబ్బరు ఊడితే ఇంజన్ పైకి లేచి, యాక్సిలరేటర్ లింకుని తనతో లాక్కుపోయి, డ్రైవరు కాలు తీసినా బండి దూసుకుపోయే ప్రమాదం ఉందని తేలింది. అన్ని బండ్లకి రబ్బర్లు మార్చడం అయ్యే పనేనా? ఇంజన్ లేవకుండా ఒక ఇనుప కేబుల్ బిగించి పంపారు. మా ఏజెన్సీ జీపుల్లోనూ ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య గొలుసు కట్టుకున్నవి చూశాను. వాళ్లకి షెవర్లే సంగతి తెలిసే అవకాశం లేదు. ఘాటీలో అవసరమే నేర్పి ఉంటుంది.

రబ్బర్లు ఊడదీశాం. నట్లకి ముందు రోజు సాయంత్రమే డీజిల్ పోసి వదిలేశాం కాబట్టి స్టడ్లు విరక్కుండా వచ్చాయి. ఎడమది అనుకున్నట్టే రేకు నుంచి మూడొంతులు ఊడి ఉంది. ఊడిన చోట రబ్బరు నున్నగా మెరుస్తోంది, అంటే విడిపోయి చాలాకాలమై, రెండు ముఖాలూ రాసుకుంటూ తిరిగాయన్నమాట. కుడిదాని సంగతి వేరు. నాజిళ్ల రిటర్న్ పైపు దగ్గర చెమ్మ పట్టి, డీజిల్ చుక్క బ్రాకెట్ మీదుగా జారి ఏళ్ల తరబడి దాని మీదే పడింది. గోరు పెడితే ముదురు పాకంలా వేలికంటుకుంది. మామూలు రబ్బరుకి డీజిలూ ఇంజన్ ఆయిలూ రెండూ విషమే. తాగి ఉబ్బుతుంది, మెత్తబడి కిందికి కుంగుతుంది. కుడివైపు ఇంజన్ పావు అంగుళం కుంగినా ఆ తేడా ముందు ఫ్యాన్ దగ్గర, వెనక గేరు రాడ్డు దగ్గర తెలుస్తుంది. ఆ పైపు వాసర్లు మార్చకుండా కొత్త రబ్బరు వేస్తే డబ్బు డీజిల్లో పోసినట్టే.

గేర్‌బాక్స్ కింద చూస్తే అసలు రబ్బరే లేదు. లారీ టైరు ముక్కలు మూడు ఒకదాని మీద ఒకటి పేర్చి బోల్టు బిగించి ఉంది.

"అది నేనే వేయించానండి. ఇక జన్మలో పోదన్నాడు" అన్నాడు ఓనరు.

"పోదు తమ్ముడూ, నిజమే. టైరు ముక్కలో గుడ్డపొరలు, తీగలు ఉంటాయి. అది ఎక్కడికీ పోదు. అదురు కూడా ఎక్కడికీ పోదు" అన్నాను.

అతను నవ్వాడు గానీ, కొత్తవి వేసేటప్పుడు మళ్లీ అదే మాట. "ఈసారైనా గట్టి రబ్బరు వెయ్యండి మేస్త్రిగారూ, మళ్లీ మళ్లీ దిగకుండా." ప్రతి ఒక్కరూ అడిగేది ఇదే. జీపులో మిగతా సామానంతా గట్టిగా ఉంటే మంచిదే. రబ్బరు విషయంలో నేను ఒప్పుకోను. ఎందుకో ఆ రోజు అతనికి లెక్కేసి చూపించాను.

నాలుగు సిలిండర్ల ఇంజన్లో క్రాంక్ ఒక్క చుట్టు తిరిగితే రెండు సిలిండర్లు కొడతాయి. స్లోలో నిమిషానికి 750 చుట్లంటే సెకనుకి 25 దెబ్బలు. రబ్బర్ల మీద కూర్చున్న ఇంజన్‌కి తన సొంత ఊపు ఒకటి ఉంటుంది, ఎవరైనా ఒక్కసారి నెట్టి వదిలితే సెకనుకి ఇన్నిసార్లని ఊగుతుంది. రబ్బరు ఎంత మెత్తనైతే ఆ ఊపు అంత నిదానం. దెబ్బల వేగం ఈ సొంత ఊపుకి సుమారు 1.4 రెట్లు దాటిన తర్వాతే రబ్బరు అదురుని తగ్గించడం మొదలెడుతుంది. అంటే 25 దెబ్బల దగ్గర పని చెయ్యాలంటే సొంత ఊపు 17 కంటే బాగా కింద ఉండాలి. గట్టి రబ్బరు వేశామో, ఆ ఊపు పైకి జరిగి సరిగ్గా 25 దగ్గరికి చేరుతుంది. అప్పుడు రబ్బరు అదురుని ఆపకపోగా పెంచుతుంది. రేజ్ ఇస్తే తగ్గడానికి కారణం కూడా ఇదే. చుట్లు పెరిగి దెబ్బల వేగం ఆ ఊపుని దాటిపోతుంది, బండి ఊపిరి పీల్చుకుంటుంది. పాత రబ్బరు ఎండి రాయైపోయినా ఫలితం ఇంతే, గట్టిది కొని తెచ్చుకోనక్కర్లేదు.

మరీ మెత్తగా ఉంటే? అప్పుడు లో గేరులో ఇంజన్ ఊగి ఫ్యాన్ పోయి రేడియేటర్ని కొడుతుంది, క్లచ్ లింకు తనంతట తానే లాగి వదిలినట్టై బండి దూకుతుంది. ఇందాక చెప్పిన క్లచ్ ప్లేటు ఆయన బాధ అదే. కొత్త ప్లేటు విప్పకుండానే షాపులో తిరిగి ఇచ్చేశాడు. మెత్తదనానికీ గట్టిదనానికీ మధ్య ఎక్కడ ఆగాలో ఆ బండిని తయారుచేసినవాళ్లు ఇంజన్ బరువు చూసి కట్టిన లెక్క ఒకటి ఉంటుంది. మనం దాని దగ్గరగా ఉండటమే మేలు.

విశాఖ నుంచి కుర్రాళ్లు వస్తుంటారు, పాత జీపులు ముచ్చటపడి కొని, చలికాలంలో మంచు చూడ్డానికి లంబసింగి ఎక్కేవాళ్లు. వాళ్లు ఎర్రటి పాలీయురేథేన్ ఫౌండేషన్లు ఆన్‌లైన్లో తెప్పించుకుని తెస్తారు. చూడ్డానికి బాగుంటాయి, ఆయిల్‌కి కూడా లొంగవు. రాళ్ల మీద పోటీలకి తోలేవాడికి అవి పనికొస్తాయి, వాడికి ఇంజన్ కదలకూడదు. రోజూ నడిపే డీజిల్ బండికి పెడితే స్టీరింగ్ పట్టుకున్న వేళ్లు సాయంత్రానికి మొద్దుబారతాయి. చెబుతాను. వినకపోతే బిగించి పంపుతాను, డబ్బులు వాళ్లవి. కొందరు కొన్నాళ్లకి తిరిగొచ్చి మామూలు రబ్బరు వేయించుకుని పోయారు. ఇద్దరు ముగ్గురు అలాగే తోలుతున్నారు, అలవాటైపోయిందట.

ఈ జీపుకి రబ్బర్ల కంటే పెద్ద చిక్కు బ్రాకెట్లు. ఇంజన్ మార్చినప్పుడు వెల్డింగు చేసినవాడు ఛాసిస్ మీద ఎక్కడ చోటుంటే అక్కడ అతికించేశాడు. కుడి బ్రాకెట్ ఎడమదాని కంటే అర అంగుళం కిందికి ఉంది, పైగా ముఖం పక్కకి తిరిగి ఉంది. స్టడ్డు దూరాలంటే రబ్బరుని మెలితిప్పి బిగించాలి. మొదటి రోజు నుంచీ మెలిపడి కూర్చున్న రబ్బరు ఎన్నాళ్లుంటుంది? ఇంజన్‌ని ఎక్కడ పట్టుకోవాలన్నది చిన్న సంగతి కాదు. 1931లో క్రైస్లర్ కంపెనీ ప్లిమత్ కారుకి ఒక పద్ధతి తెచ్చింది. ముందు రబ్బరు ఎత్తులో, వెనకది కిందికి పెట్టి, ఆ రెంటినీ కలిపే గీత ఇంజన్ బరువు మధ్యలోంచి పోయేలా చేశారు. ఇంజన్ ఆ గీత చుట్టూ తనకి తాను ఊగుతుంది, బాడీకి అదురు అంటదు. నాలుగు సిలిండర్ల కారు అంత నెమ్మదిగా నడవడం అప్పట్లో వింత. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ వాళ్లు కూడా ఆ పద్ధతి హక్కులు తీసుకున్నారు. జీపులో మనం అంత చెయ్యలేం. ముందు రెండు రబ్బర్లూ ఒకే ఎత్తులో, ఒకే వాలులో ఉండేలా చూడగలం. కుడి బ్రాకెట్ కోయించి, అట్ట ముక్కతో కొలత తీసి, మళ్లీ అతికించాం. ఆ పనికి రబ్బర్ల పని కంటే ఎక్కువసేపు పట్టింది. కూలి గురించి ఓనరు బేరమాడాడు. ఆడకపోతే ఆశ్చర్యపోయేవాణ్ణి.

రబ్బర్లు కొనేటప్పుడు నేను చూసేవి కొన్ని ఉన్నాయి. గోరుతో నొక్కితే దిగి, తీయగానే గుంట పూడాలి. ఇనుప రేకు అంచు చుట్టూ రబ్బరు ఎక్కడా లేచి ఉండకూడదు. వెలుగులో పక్కకి వంచితే సన్న పగుళ్లు కనపడితే అది షాపులో అలమారాలోనే ముసలిదైపోయిన సరుకు, కవరు కొత్తదైనా సరే. మూడూ ఒకేసారి మార్చాలి. ఒకటే మారిస్తే కొత్తది ఎత్తుగా నిలబడుతుంది, పాతవి కుంగి ఉంటాయి, బరువంతా కొత్తదాని మీదే పడుతుంది.

బిగించే రోజు మొదట బ్యాటరీ వైరు తీశాం. ఫ్యాన్ చుట్టూ ఉన్న రేకు కవచం, సైలెన్సర్ పైపు క్లాంపు, క్లచ్ లింకు, గేర్‌బాక్స్ కింది నట్లు, అన్నీ వదులు చేశాం. ఇవి బిగించి ఉండగానే ఇంజన్ ఎత్తితే మానిఫోల్డ్ దగ్గరో రేడియేటర్ పైపు దగ్గరో ఏదో ఒకటి విరుగుతుంది. జాకీని సంపు కింద పెట్టనివ్వను. అది పల్చటి రేకు, సొట్టపడితే లోపలి ఆయిల్ పంపు జాలీకి తగులుతుంది. క్లచ్ హౌసింగ్ ముందంచు కింద చెక్క దిమ్మ పెట్టి, దాని మీద జాకీ ఆనించి, స్టడ్డు బయటపడేంత మేరకే లేపాం. అంతకుమించి ఒక్క పంపు కూడా కొట్టనక్కర్లేదు.

అసలు పని నట్లు బిగించే వరసలో ఉంది. మా కుర్రాడు రబ్బరు కూర్చోబెట్టగానే పానా అందుకున్నాడు. ఆపాను. మూడింటికీ నట్లు చేత్తో తిరిగినంత వరకే తిప్పించి, జాకీ పూర్తిగా దించి, ఇంజన్‌ని రెండు వైపులా ఊపించాను. తర్వాత బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి కాసేపు స్లోలో వదిలేశాం. నట్లు వదులుగా ఉన్నప్పుడు ఇంజన్ కదిలి కదిలి రబ్బరులో మెలి ఏమైనా ఉంటే తనే తీసుకుంటుంది, తనకి నచ్చిన చోట కూర్చుంటుంది. ఆపాక, అక్కడ, అలాగే బిగించాలి. ముందు గేర్‌బాక్స్‌ది, తర్వాత ముందు రెండూ. సైలెన్సర్ క్లాంపు అన్నిటికంటే చివర. ముందే బిగిస్తే ఆ పైపే నాలుగో ఫౌండేషనై ఇంజన్ని ఒక పక్కకి లాగి పట్టుకుంటుంది, అదురుని నేరుగా బాడీకి చేరుస్తుంది.

ఎర్త్ పట్టీ సంగతి కూడా చెప్పాలి. రబ్బర్ల మీద కూర్చున్న ఇంజన్‌కి ఛాసిస్‌తో ఇనుప సంబంధం తెగిపోతుంది. బ్యాటరీ నెగటివ్ ఛాసిస్‌కి తగిలించి ఉంటే, స్టార్టర్ లాగే కరెంటు వెనక్కి పోవడానికి అల్లిన రాగి పట్టీ ఒకటి కావాలి. అది వదిలేస్తే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ మీదుగా దారి వెతుక్కుంటుంది. కేబుల్ లోపల కాలి పట్టుకుపోతుంది, ఎవరికీ కారణం తెలియదు. ఈ జీపులో పట్టీ పెయింటు మీద బిగించి ఉంది. గీకి, మెరుగు వచ్చాక బిగించాం.

ఓనరు ఎక్కి స్టార్ట్ చేశాడు. గేరు రాడ్డు మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. అద్దం సరిచేసుకుని వెనకాల షెడ్డు బోర్డు మీద అక్షరాలు చదివాడు. అదురు పూర్తిగా పోలేదు, డీఐ ఇంజన్‌కి పోదు కూడా, ఆ మాట ముందే చెప్పాను. రబ్బరు కూర్చున్నాక నట్లు కాస్త వదులవుతాయి, వారం పోయాక వచ్చి మళ్లీ బిగించుకొమ్మన్నాను.

వారానికి వచ్చాడు. నట్లు ఒక పావు చుట్టు తిరిగాయి, రిటర్న్ పైపు పొడిగా ఉంది. ఇప్పుడు అతనికి కొత్త ఫిర్యాదు. రబ్బర్లు మార్చినప్పట్నుంచీ కింద ఏదో కూత వినిపిస్తోందట, మేం ఏదో కదిపేశామని అనుమానం. తోలి చూశాను. ట్రాన్స్‌ఫర్ కేసులో బేరింగు. అది చాలాకాలంగా కూస్తున్నదే, ఇంజన్ మోతలో అతనికి వినబడలేదంతే. వాగు ఎండాక దాని లోతు కనబడినట్టు ఇప్పుడన్నీ బయటపడతాయని చెప్పబోయి ఊరుకున్నాను, కూలి ఎంతవుతుందని అడుగుతున్నాడు. బేరింగు విశాఖ నుంచి తెప్పించాలి, బండి రెండ్రోజులు వదలాలి అన్నాను. సంత అయిన మర్నాడు తెస్తానన్నాడు.